పద్యం చదివి ఏమనాలి?

సందేహం: మేం ఎనిమిదిమందిమి. ఎవరి ఉద్యోగాలు వాళ్లవి. ఖాళీ దొరికినప్పుడు పద్యాలు రాసి ఒకరికొకరు పంపుకుంటాం. చదివినవాళ్లు రెండు ముక్కలు రాయడం, రాసినవాళ్లు దానికి జవాబివ్వడం మాకు అలవాటు. ఈ మధ్య ఆ రెండు ముక్కలతోనే తంటా వచ్చింది. ‘మీ ప్రోత్సాహానికి కృతజ్ఞతలు’ అని రాస్తే, కృతజ్ఞతకు బహువచనం ఉండదని మాలో ఒక పెద్దాయన దిద్దారు. ‘ధన్యవాదములు’ తప్పు, ‘ధన్యవాదాలు’ అనాలని ఇంకొకరు. మా అందరికంటే పెద్దావిడ పద్యం చదివి, ఉత్సాహం పట్టలేక ‘శభాష్’ అని రాశాను. అది మర్యాద కాదన్నారు. ఇప్పుడు ఏం రాయాలన్నా టెన్షన్‌గా ఉంది. అందుకే అందరికీ ‘అద్భుతం’ అని రాసి ఊరుకుంటున్నాను. ఏ మాట ఎక్కడ వాడాలి? స్పందన, ప్రతిస్పందనల్లో ఏది సరి?

సమాధానం: ముందు శభాష్ సంగతి చూద్దాం. మీవాళ్లు అన్నది నిజమే. ఎందుకో తెలిస్తే ఇంకా బాగుంటుంది. ఇది పారసీ మాట. ‘షాద్ బాష్’ అంటే ‘సంతోషంగా ఉండు’ అని. ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి సెబాసు, శభాసు, శభాష్ అని రకరకాలుగా నలిగింది. అంటే పుట్టుకలో అది మెచ్చుకోలు కాదు, దీవెన. ‘చల్లగా ఉండు నాయనా’ అనడం లాంటిది. దీవెన పెద్దల నుంచి పిన్నలకు వస్తుంది. అసలు అర్థం అందరూ మరిచిపోయినా ఆ వాలు మాత్రం మాటలో మిగిలిపోయింది. అందుకే శభాష్ అన్నప్పుడల్లా భుజం తట్టే చెయ్యి ఒకటి కనిపిస్తుంది. పెద్దావిడ భుజం మనం తట్టం కదా.

మెచ్చు అనే అచ్చ తెలుగు మాటకూ ఈ వాలు ఉంది. తపస్సు చేసినవాడికి దేవుడు ప్రత్యక్షమై ‘భక్తా, మెచ్చితిని’ అంటాడు. భక్తుడు దేవుడితో ఆ మాట అనడు. ‘మీ పద్యాన్ని మెచ్చుకుంటున్నాను’ అని చిన్నవాళ్లు పెద్దవాళ్లకు రాస్తే వ్యాకరణంలో తప్పేమీ లేకపోయినా ఎక్కడో కలుక్కుమనేది ఇందుకే. కానీ ‘మీ పద్యం నాకు నచ్చింది’ అని రాసి చూడండి, ఏ ఇబ్బందీ ఉండదు. మెచ్చడంలో కర్త నేను, పద్యం కర్మ. అక్కడ నేను న్యాయమూర్తి కుర్చీలో కూర్చున్నాను. నచ్చడంలో కర్త పద్యం. నేను ‘నాకు’ అని పక్కన నిలబడ్డానంతే. చేసిందంతా పద్యమే. ఒక్క విభక్తి మారితే మనిషి కూర్చునే చోటు మారిపోయింది.

భళా, ఔరా, బాపురే లాంటి వాటికి ఈ పట్టింపు లేదు. అవి నోరు జారి వచ్చే మాటలు. ఆశ్చర్యపోవడానికి వయసు లెక్క చూడరు. ఆ పెద్దావిడకు మీరు ‘భళా’ అని రాసి ఉంటే ఎవరూ ఏమీ అనకపోయేవారు.

ఇక మీ పెద్దాయన చేసిన దిద్దుబాటు. ఆయన వాదానికి మూలం ఏమిటో ఊహించగలను. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవాడు. తనకు చేసిన మేలు ఎరిగినవాడు కృతజ్ఞుడు. ఆ గుణం కృతజ్ఞత. గుణం ఒక్కటే కాబట్టి దానికి బహువచనం ఏమిటని ఆయన ప్రశ్న. సంస్కృతంలో అయితే ఆలోచించవలసిందే. తెలుగులో ‘త’తో ముగిసే ఇలాంటి భావవాచకాలకు బహువచనం చాలా మామూలు. బాధ్యతలు స్వీకరిస్తాం. అర్హతలు ఏమిటని అడుగుతాం. ప్రత్యేకతలు చెబుతాం. వీటిని ఏకవచనం చెయ్యమని ఆయనా అనరు. పైగా మర్యాదకు చెప్పే మాటలు దాదాపు అన్నిటినీ మనం బహువచనంలోనే వాడతాం. నమస్కారాలు, శుభాకాంక్షలు, ఆశీస్సులు, క్షమాపణలు. ఒక్క క్షమాపణ చెప్పినా ‘క్షమాపణలు చెప్పాడు’ అనే అంటాం. ఒక్క చెయ్యి చాపి ఇస్తే మర్యాద కాదు, రెండు చేతులా ఇవ్వాలన్నట్టు ఉంటుంది తెలుగువాడి తీరు. కాబట్టి ‘కృతజ్ఞతలు’ నిక్షేపంగా రాయండి. ‘మీకు కృతజ్ఞుణ్ణి’ అన్నా, స్త్రీలు ‘కృతజ్ఞురాలిని’ అన్నా సరే. తొందరలో ‘జ్ఞ’కు బదులు ‘ఘ్న’ పడకుండా మాత్రం చూసుకోవాలి. కృతఘ్నుడంటే చేసిన మేలును చంపినవాడు. ‘మీకు సదా కృతఘ్నుణ్ణి’ అని అందమైన దస్తూరీతో రాసిన ఉత్తరం ఒకటి నాకే వచ్చింది. ఇంకా దాచుకున్నాను.

ధన్యవాదములు తప్పు కాదు. పుస్తకములు పుస్తకాలైనట్టే ధన్యవాదములు ధన్యవాదాలయ్యాయి. మొదటిది గ్రాంథికం, రెండోది వ్యావహారికం. మిగతా వాక్యమంతా వ్యావహారికంలో నడిచి చివర ‘ములు’ తగిలితే, చొక్కా మీద కండువా వేసినట్టు ఉంటుంది. కొందరికి అదే ఇష్టం. మీరు పద్యాలు రాసేవారు కాబట్టి మీకు రెండూ అవసరమే, గణాలకు, అంటే గురులఘువుల కూర్పుకు, ఏది ఒదిగితే అది వాడుకోవచ్చు. ‘ధన్యవాదాలు’లో ఒక సౌకర్యం ఉంది. ‘ధన్య’ గలం, అంటే సూర్యగణం. ‘వాదాలు’ తగణం, అంటే ఇంద్రగణం. తేటగీతి అనే పద్యంలో పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు ఉంటాయి కాబట్టి మొదటి రెండు గణాలు అప్పనంగా దొరికినట్టే. ‘ధన్యవాదాలు మీ మాట తావి నింపె’ అన్నామంటే పాదం పూర్తయింది, యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన పొత్తు, కూడా ‘ధ’కు ‘తా’తో చెల్లింది. మిగతా మూడు పాదాలు మీరు రాసుకోండి.

ఈ మాటకు విడివిడిగా అర్థం చూస్తే ‘నీవు ధన్యుడివి’ అని చెప్పడం. అంటే ఇదీ ఒకరకంగా పొగడ్తే. పొగిడినవారిని తిరిగి పొగుడుతున్నాం. కొందరు వీటన్నిటికీ బదులు ‘నెనర్లు’ అని రాస్తున్నారు. నెనరు అంటే ప్రేమ, దయ. థాంక్స్ అనే అర్థం దానికి కొత్తగా ఇచ్చినది. మాట అందంగా ఉంది, నాకు అభ్యంతరం లేదు. కానీ నా నోట రాదు. అలవాటు లేదు, అంతే.

అభినందనలు, అభివందనాలు అనే రెండింటినీ కలిపేస్తున్నవాళ్లు ఎక్కువయ్యారు. అభినందన అంటే ఎదుటివాళ్లు సాధించినదానికి మనం సంతోషించడం. అభివందనం అంటే నమస్కారం. పద్యానికి అభినందన, కవికి అభివందనం. పెద్దలకు ‘అభినందనలు’ అని రాయకూడదనే మాట కూడా విన్నాను. సంతోషించడానికి చిన్నా పెద్దా ఏముంటుంది? రాయవచ్చు.

మీరు స్పందన గురించి అడిగారు. స్పంద ధాతువుకు ‘కించిత్ చలనం’ అని అర్థం చెబుతారు, కొద్దిగా కదలడం అన్నమాట. గుండె కొట్టుకోవడాన్ని హృదయస్పందన అనేది అందుకే. చదివి ‘రెస్పాన్స్’ ఇవ్వడం అనే అర్థం తరవాత వచ్చింది. బాగానే కుదిరింది. పద్యం చదివినప్పుడు లోపల ఏదో కాస్త కదిలితేనే కదా కలం తీస్తాం. పద్యం మీద మీరు రాసేది స్పందన, దానికి కవి తిరిగి రాసేది ప్రతిస్పందన అని పెట్టుకుంటే రెండు మాటలకూ పని దొరుకుతుంది. అయితే ఇక్కడ ఒత్తులు జాగ్రత్త. స్పందనలో ఉన్నది ‘ప’, స్ఫూర్తిలో ఉన్నది ‘ఫ’. చాలామంది ‘స్ఫందన’, ‘స్పూర్తి’ అని తారుమారు చేస్తారు. మనస్ఫూర్తిగా అన్నా అదే ‘ఫ’. అలాగే ప్రోత్సాహం సరే కానీ, క్రియగా మార్చినప్పుడు ‘ప్రోత్సహించు’ అవుతుంది, ‘ప్రోత్సాహించు’ కాదు. కవయిత్రిని ‘కవియిత్రి’ అని రాయడమూ ఇలాంటి పొరపాటే. కవిని చూసి భ్రమపడతారు. రచయిత్రిని తలుచుకుంటే సరైన రూపం గుర్తొస్తుంది.

అన్నిటికంటే నాకు బెంగ కలిగించింది మీ ‘అద్భుతం’. మాట తప్పు కాదు. నవరసాల్లో అద్భుతం ఒకటి, దాని స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం, విస్మయం. అంటే అది ఒక ప్రత్యేకమైన అనుభవానికి పేరు. తండ్రిని పోగొట్టుకున్న దుఃఖంలో ఒకరు పద్యం రాశారనుకోండి. దానికి ‘అద్భుతం’ అని జవాబు వస్తే ఆ మనిషికి ఎలా ఉంటుంది? కరుణకు అద్భుతం, హాస్యానికీ అద్భుతం, భక్తికీ అద్భుతం అంటే, అన్ని రోగాలకూ ఒకే మాత్ర వేసినట్టు. చదవకుండా రాశారేమోననే అనుమానం కూడా వస్తుంది.

ఈ విషయంలో మనకు పెద్ద దిక్కు నన్నయే. 11వ శతాబ్దంలో, భారతం మొదలుపెడుతూ, తన కావ్యాన్ని చదివినవాళ్లు ఏమంటారో ఆయన ముందే చెప్పుకున్నాడు. కవీంద్రులు ‘లో నారసి మేలు నాన్’ అన్నాడు, ఇతరులు అక్షరరమ్యతను ఆదరిస్తారన్నాడు. ఆరయడం అంటే వెతికి చూడడం, పరిశీలించడం. ‘నాన్’ అంటే ‘అనగా’ అని. లోలోపలికి వెళ్లి చూసి ‘మేలు’ అనేవాళ్లు కొందరు. చెవికి ఇంపుగా ఉందని ఆదరించేవాళ్లు కొందరు. రెండో రకాన్ని ఆయన తక్కువ చెయ్యలేదు. ఇద్దరికీ ఒకే పద్యంలో చోటిచ్చాడు. నాకు ముచ్చటేసేది ఇంకొకటి. ఆ మహాకవి గొప్ప కవుల నోట తాను వినాలనుకున్న మాట రెండక్షరాల అచ్చ తెలుగు మాట. అత్యద్భుతమూ కాదు, అమోఘమూ కాదు. మేలు! ఎందుకు చాలిందంటే, దాని ముందు ‘లో నారసి’ ఉంది కాబట్టి.

ఆరయకుండా పొగిడితే ఏమవుతుందో సంస్కృతంలో ఒక చాటువు, అంటే జనం నోట తిరిగే విడి శ్లోకం, చెబుతుంది. ఒంటెల పెళ్లిలో గాడిదలు పాటలు పాడాయట. తరవాత రెండూ ఒకదాన్నొకటి పొగుడుకున్నాయి, ‘అహో రూపం, అహో ధ్వనిః’ అని. ఔత్సాహిక కవులను వెక్కిరించడానికి దీన్ని తెగ వాడతారు. మీ ఎనిమిదిమందిని కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ వెక్కిరింతను నేను ఒప్పుకోను. ఒకరినొకరు పొగుడుకోవడం అక్కడ తప్పు కాదు. గాడిద పొగిడింది ఒంటె అందాన్ని, ఒంటె పొగిడింది గాడిద గొంతును. ఏది లేదో సరిగ్గా దాన్నే పొగిడాయి, అదీ తప్పు. ఒంటె ఓర్పును గాడిద, గాడిద శ్రమను ఒంటె మెచ్చుకుని ఉంటే నవ్వడానికి అందులో ఏముంది? ఉన్నదాన్ని చూపించి చెబితే ప్రోత్సాహం. లేనిదాన్ని అంటగడితే మునగచెట్టు ఎక్కించడం. ఆ చెట్టు కొమ్మ ఎంత పెళుసో మీకు తెలుసు.

అందువల్ల ‘అద్భుతం’ ఒక్కటే రాసే బదులు ‘రెండో పాదంలో వాన చినుకును వేలు ముద్రతో పోల్చారు, బాగుంది’ అని రాయండి. ‘బాగుంది’ చప్పగా ఉందనుకోకండి, దాని వంశం పెద్దది. బాగు అంటే మంచి స్థితి. దానికి ఎదురు మాట ఓగు, అంటే చెడు. రెండూ కలిస్తే బాగోగులు. ఎవరి బాగోగులైనా విచారించడం అంటే వాళ్ల మంచిచెడ్డలు రెండూ చూడడమే. ‘బాగుంది’లో ఉన్న బాగే ‘బాగుచెయ్యి’లోనూ ఉంది. మెచ్చుకోవడానికీ సరిచెయ్యడానికీ తెలుగు ఒకే మాటతో పని నడుపుకుంటోంది.

సరిచెయ్యవలసి వస్తే ఎలా చెప్పాలన్నది మీరు అడగలేదు. కానీ పద్యాలు పంపుకునేచోట అది తప్పదు. ‘యతిభంగం’, ‘గణదోషం’ శాస్త్రం మాటలే అయినా, కొత్తగా రాసేవారి మీద రాయిలా పడతాయి. ‘మూడో పాదంలో యతి మరొకసారి చూడండి’ అంటే అదే విషయం చెప్పినట్టవుతుంది, ఎదుటివారు పద్యం మానెయ్యరు. దిద్దడం అనే మాటలో మొదటినుంచీ కోపం లేదు. పలక మీద అక్షరాలు దిద్దిస్తాం. నుదుట బొట్టు దిద్దుకుంటాం.

మీ పెద్దాయనా మిమ్మల్ని దిద్దారు. ఆయన దిద్దుబాటు ఈసారి సరి కాకపోయినా, మీరు రాసిన ఒక్క మాటను అంత నిదానంగా చదివింది ఆయనే. జవాబు రాసేటప్పుడు కృతజ్ఞతలు చెప్పండి. బహువచనంలోనే.