టవరు ముందా, నీళ్ల సంచులు ముందా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. 19 అడుగుల పాత స్టెర్న్‌డ్రైవ్ బోటు (ఇంజను లోపల, ప్రొపెల్లర్ వెనక బయట ఉండేది) కొన్నాం. పిల్లలిద్దరూ వేక్‌బోర్డింగ్ (బోటు తాడుతో లాగుతుంటే పలక మీద నిలబడి, దాని అల మీంచి ఎగరడం) నేర్చుకుంటామంటున్నారు. తాడు ఎత్తున కట్టే టవరు బిగించాలా, బోటు బరువు పెంచే నీళ్ల సంచులు కొనాలా?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: రెండూ ఇప్పుడే వద్దండి. ముందు తాడు మార్చండి. మనిషి ఎక్కిన గాలి ట్యూబుని లాగే తాడు సాగుతుంది. పిల్లాడు గాల్లోకి లేవబోయేసరికి లాగుడంతా అదే మింగేస్తుంది. డైనీమా అనే సాగని పీచుతో చేసిన తాడు తీసుకోండి. 65 అడుగులది చాలు, నేర్చుకునేటప్పుడు ఇంకా కుదించుకోవచ్చు.

టవరు ఆ తర్వాత. బోటు వెనక కొక్కెం నీటికి దగ్గరగా ఉంటుంది, టవరైతే పైనుంచి లాగుతుంది కాబట్టి ఎగరడం తేలిక. బిగించేవాణ్ణి ఒక్కటే అడగండి: ఫైబర్‌గ్లాస్ లోపలివైపు లోహపు పలక వేస్తున్నావా, ఉత్త వాషరేనా? వాషరే అంటే లేచి వచ్చేయండి. టవరుకి ట్యూబు మాత్రం కట్టకండి. అది నీళ్లలో ముక్కు గుచ్చుకుందంటే ఆ లాగుడుకి టవరే ఊడి రావచ్చు.

నీళ్ల సంచులతో అల పెరుగుతుంది, నిజమే. కానీ గ్యాలన్ నీళ్లు 8 పౌన్ల పైనే. బోటులో ఉండే కెపాసిటీ ప్లేటు (ఎంత బరువు మోయొచ్చో రాసిన పలక) చూడండి. మనుషులు, సామాను, నీళ్లు కలిపి ఆ అంకె దాటకూడదు. బోటు లేవడానికి ఆయాసపడితే పిచ్ (ఒక్క చుట్టుకి ముందుకెళ్లే దూరం) తక్కువున్న ప్రొపెల్లర్ వేయించండి. నన్నడిగితే పెట్టిన డబ్బుకి ఫలితం అక్కడే ఎక్కువ.

అన్నట్టు, టెక్సస్‌లో లాగేటప్పుడు వెనక్కి చూడ్డానికి 13 ఏళ్లు నిండిన మనిషైనా, అద్దమైనా ఉండాలి. చిన్నవాణ్ణి కూర్చోబెడదామంటే వయసు చూసుకోండి. రేపు వేక్‌సర్ఫింగ్ (తాడు వదిలేసి, బోటుకి దగ్గరగా వెనకే దాని అల మీద జారడం) అంటే మాత్రం ససేమిరా అనండి. మీ బోటుకి ప్రొపెల్లర్ వెనకే తిరుగుతుంటుంది.