కుక్కకి ఐఎంహెచ్ఏ వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఎలా చూసుకోవాలి: మా పింకీతో మా అనుభవం

మీ ప్రశ్న చదవగానే అటక మీదున్న పాత నోట్‌బుక్ దింపాను. మీ అయిదేళ్ల కుక్కకి ఐఎంహెచ్ఏ, అంటే ఒంట్లోని ఎర్ర రక్తకణాలు నాశనమైపోయే జబ్బు, అని తేలిందన్నారు. ఒకసారి రక్తం ఎక్కించి, నిన్ననే ఇంటికి పంపారన్నారు. నీళ్లు తెగ తాగుతోంది, ఎంత పెట్టినా ఆకలంటోంది, ఇది మామూలేనా? మందులు ఎన్నాళ్లు వాడాలి? వచ్చే నెల టీకా ఉంది, వేయించాలా? మీరేమో గంటకోసారి చిగుళ్లు చూస్తూ నిద్ర మానేశారు. ఇంతేగా?

నేను డాక్టర్ని కాను. మా పింకీకి ఏడో ఏట ఇదే జబ్బు వచ్చింది. ఎనిమిది నెలలు పక్కనే ఉండి చూసుకున్నాను. ఆ అనుభవంతో, అప్పట్లో డాక్టరుని విసిగించి మరీ తెలుసుకున్న విషయాలతో రాస్తున్నాను.

మా దానికి మొదలైంది చాలా మామూలుగా. కాలింగ్ బెల్ మోగితే ఇల్లంతా ఎగిరే కుక్క, ఆ సాయంత్రం పడుకున్న చోట నుంచి తల మాత్రం ఎత్తి చూసింది. మర్నాడు తెల్ల టైల్స్ మీద మూత్రం పోస్తే చిక్కటి టీ డికాక్షన్ రంగు. ముందు చూపించిన చోట నీరసం అని టానిక్ రాసిచ్చారు, రెండు రోజులు అలా పోయాయి. మూడో రోజు పెదవి ఎత్తి చూస్తే, పేరు పింకీ, చిగుళ్లేమో సున్నం కొట్టినట్టు ఉన్నాయి. పీసీవీ 14 వచ్చింది. అంటే రక్తంలో ఎర్ర కణాల వాటా 14 శాతం. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి అది దాదాపు 37 నుంచి 55 దాకా ఉండాలి.

ఈ జబ్బులో కంచే చేను మేస్తుంది. రోగాల నుంచి కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత ఎర్ర కణాల మీదే పడి నాశనం చేస్తుంది. ఎక్కించిన రక్తాన్నీ అది వదలదు. అందుకే రక్తం ఎక్కించాక పీసీవీ కాస్త పెరిగి మళ్లీ తగ్గితే వైద్యం పని చేయలేదని అనుకోకండి. ఆ రక్తం కొంచెం టైమ్ ఇస్తుంది, అంతే. ఈలోగా స్టెరాయిడ్ ఆ దాడిని ఆపాలి, ఎముక మజ్జ కొత్త కణాలు తయారు చేయాలి. మజ్జ ఊపందుకోవడానికే మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. మా దానికి ఆసుపత్రిలో నాలుగో రోజు రిపోర్టులో రెటిక్యులోసైట్లు, అంటే లేత ఎర్ర కణాలు, పెరిగాయని చూపించి డాక్టరు మొదటిసారి నవ్వారు.

ఇప్పుడు మీరున్న ఈ మొదటి రెండు వారాలే గట్టిగా కాచుకోవాల్సినవి. ఈ జబ్బుతో పోయే కుక్కల్లో ఎక్కువ భాగం ఈ రోజుల్లోనే పోతాయి. కారణం రక్తం తగ్గడం ఒక్కటే కాదు, రక్తం గడ్డలు కట్టడం కూడా, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో. మాకు క్లోపిడోగ్రెల్ రాసినప్పుడు మా అమ్మ "ఒంట్లో రక్తమే లేదంటున్నారు, మళ్లీ రక్తం పలచబడే మందు ఎందుకే" అని రెండు రోజులు గోల పెట్టింది. అడగాల్సిన ప్రశ్నే. ఆ మందు గడ్డలు కట్టకుండా ఇస్తారు. మీ సంచిలో అలాంటిది ఉంటే మర్చిపోకుండా వేయండి. లేకపోతే ఎందుకు ఇవ్వలేదో ఫోన్ చేసి అడగండి.

గడ్డల సంగతి ముందుగా తెలిసేది ఊపిరిలోనే. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని, 30 సెకన్లు పక్కటెముకలు ఎన్నిసార్లు లేస్తున్నాయో లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి 30 లోపు ఉంటే నిశ్చింత. మెలకువగా ఉన్నప్పుడు లెక్క వేయకండి. స్టెరాయిడ్ వాడే కుక్క ఊరికే కూర్చున్నా నాలుక బయట పెట్టి రొప్పుతుంది, ఆ లెక్క చూస్తే మీ గుండె ఆగుతుంది. నిద్రలో కూడా ఊపిరి వేగంగా ఉన్నా, పొట్ట ఎగరేస్తూ కష్టపడి పీలుస్తున్నా, ఉన్నట్టుండి కూలబడినా తెల్లారే దాకా ఆగొద్దు, వెంటనే బయల్దేరండి.

ఇక చిగుళ్లు. గంటకోసారి చూస్తే ప్రతిసారీ పాలిపోయినట్టే కనిపిస్తాయి. నేనూ అదే పని చేశాను. ఒక రాత్రి రెండింటికి ట్యూబ్‌లైట్ కింద చూసి, తెల్లబడిపోయాయని నైటీ మీద చున్నీ వేసుకుని ఎమర్జెన్సీకి పరుగెత్తాను. పీసీవీ 31. మూడు రోజుల కిందట ఎంత ఉందో అంతే! డాక్టరు ఏమీ అనకుండా ఒక చిట్కా చెప్పారు. రోజుకి రెండుసార్లు, అదే కిటికీ దగ్గర, పగటి వెలుతురులో, చిగురు పక్కన తెల్ల కాగితం పెట్టి ఫోటో తీయమన్నారు. ఇవాళ్టి ఫోటో పక్కన నాలుగు రోజుల కిందటిది పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. కాగితం ఎందుకంటే, ఫోన్ కెమెరా రంగులు మార్చేసినా కాగితం రంగు చూసి ఆ సంగతి పసిగట్టొచ్చు. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. మీ కుక్క చిగుళ్లు నల్లగా ఉంటే కింది కనురెప్ప లోపలి వైపు చూడండి. పసుపు రంగు తేలితే అది కూడా వెంటనే డాక్టరుకి చెప్పాల్సిన సంగతి.

మూత్రం రంగు కోసం నేను పట్టుకున్న పద్ధతి మొరటుగా ఉంటుంది గానీ బాగా పని చేసింది. అది కూర్చోగానే పొడవాటి గరిటెకి చుట్టిన తెల్ల టిష్యూ కిందికి తోసేదాన్ని. లేత పసుపైతే నోట్‌బుక్‌లో టిక్. నారింజ, ఎరుపు, గోధుమ రంగుల్లో ఏది కనిపించినా ఫోన్.

దాహం, ఆకలి, మూత్రం, రొప్పడం నాలుగూ స్టెరాయిడ్ పనే. మామూలే. రాత్రి పక్క తడుపుతోందని నీళ్ల గిన్నె మాత్రం ఎత్తేయకండి. ఆ మందు మీద ఉన్న కుక్కకి నీళ్లు ఆపకూడదు. మేం మూడు గంటలకోసారి అలారం పెట్టుకుని, ఒక రాత్రి నేను, ఒక రాత్రి మా ఆయన లేచేవాళ్లం. ఇద్దరూ ఒకే రాత్రి మేలుకుంటే మర్నాడు మందుల లెక్క తప్పుతుంది, అది అనుభవం మీద తెలిసింది. ఆకలికి రోజు తిండినే నాలుగు భాగాలు చేసి పెట్టండి, మొత్తం పెంచకండి. చెత్తబుట్టకి తాళం వేసినంత పని చేయండి. మా పింకీ జన్మలో చెత్తబుట్ట వైపు చూడలేదు, స్టెరాయిడ్ మొదలైన పదో రోజున దాన్ని బోర్లించి అందులో కూర్చుంది. నవ్వొచ్చే సంగతే గానీ, ఉల్లి, వెల్లుల్లి తొక్కలు నోట పడితే అవి కూడా ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. అసలే తక్కువగా ఉన్న కణాలు. పచ్చి మాంసం కూడా ఇప్పుడు వద్దు, రోగనిరోధక శక్తిని మనమే అణిచి పెట్టాం కాబట్టి.

స్టెరాయిడ్ మాత్ర ఖాళీ కడుపున వేయకండి. నొప్పిగా ఉందేమో అని మన ఇంట్లో ఉండే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి అసలే వేయకండి. స్టెరాయిడ్‌కి ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు తోడైతే కడుపులో పుండ్లు పడి రక్తం కారొచ్చు. పారాసెటమాల్ అయితే ఎర్ర కణాలకే చేటు చేయగలదు. విరేచనం తారులా నల్లగా, జిగటగా ఉంటే కడుపులో రక్తం పోతోందని అనుమానించాలి.

స్టెరాయిడ్ కాక రోగనిరోధక శక్తిని అణిచే ఇంకో మందు కూడా ఇచ్చి ఉండొచ్చు, అజాథియోప్రిన్, మైకోఫెనొలేట్, సైక్లోస్పోరిన్ లాంటిది. మాకు అజాథియోప్రిన్ రాశారు. ఆ మాత్ర విరగ్గొట్టకూడదు, పొడి చేయకూడదు, గ్లవ్స్ వేసుకునే పట్టుకోవాలి. ఇంట్లో గర్భిణులుంటే వాళ్లని దాని జోలికి వెళ్లనివ్వకండి. అది లివర్‌నీ మజ్జనీ ఇబ్బంది పెట్టొచ్చు కాబట్టి మొదటి వారాల్లో ఆ రక్తపరీక్షలు ఎగ్గొట్టకూడదు.

చూడటానికి కష్టంగా ఉండే మార్పులు రెండో నెలలో వచ్చాయి. కండ కరిగిపోయి తల మీద ఎముక గట్టులా తేలింది, పొట్ట మాత్రం కుండలా తయారైంది, బొచ్చు పలచబడింది. వెనక కాళ్లలో బలం లేక నున్నటి నేల మీద జారిపోయేది. పక్క నుంచి నీళ్ల గిన్నె దాకా యోగా మ్యాట్లు వరసగా పరిచాం, ఆ ఒక్క పనితో దాని మొహంలో భయం పోయింది. ఇంటికొచ్చిన వాళ్లంతా "అయ్యో, ఇంత ముసలిదైపోయిందేంటి" అనేవారు. పట్టించుకోకండి. మందు పూర్తిగా ఆపిన రెండు మూడు నెలలకి కండ, బొచ్చు రెండూ వచ్చాయి.

మందులు ఎన్నాళ్లని అడిగారు. మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది నెలలు అనుకోండి. పీసీవీ 30 దాటి రెండు వారాలు నిలకడగా ఉంటే స్టెరాయిడ్‌లో పావు వంతు తగ్గిస్తారు. తర్వాత దాదాపు మూడు వారాలకోసారి పరీక్ష చేసి, బాగుంటే ఇంకాస్త. చాలా మంది పొరబడేది ఇక్కడే, నేనూ పొరబడ్డాను. మూడో తగ్గింపు అయ్యాక పీసీవీ 41 వచ్చింది. గేటు దాకా పరిగెత్తుతోంది, కాకుల్ని తరుముతోంది. రొప్పుతూ అవస్థ పడుతోందన్న జాలితో సాయంత్రం డోసు నాలుగు రోజులు నేనే ఎగ్గొట్టాను. డాక్టరుకి చెప్పలేదు. తర్వాతి పరీక్షలో 29. డోసు మళ్లీ పాత మెట్టుకి ఎక్కింది, రెండు నెలల కష్టం వెనక్కి పోయింది. కుక్క హుషారుగా ఉంది కదా అనే లెక్క ఈ జబ్బులో పనికిరాదు, ఎందుకంటే ఆ హుషారు మందు వల్ల వచ్చింది. పైగా స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ఇంకో ప్రమాదం ఉంది. బయట నుంచి మందు వస్తుంటే దాని అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసోల్ చేయడం తగ్గించేస్తాయి. అవి మళ్లీ పనిలో పడేలోపు మందు ఆగిపోతే వాంతులు, నీరసం, కుప్పకూలడం దాకా వెళ్తుంది. ఎంత అవస్థగా ఉన్నా ఫోన్ చేసి అడిగే తగ్గించండి.

పీసీవీ ఒకసారి 36, తర్వాత 34 వస్తే కంగారు పడొద్దు. గొట్టంలో తిప్పి కొలిచిన లెక్కకీ, మెషీన్ ఇచ్చే హెమటోక్రిట్‌కీ (అదీ ఎర్ర కణాల వాటానే) కూడా ఆ మాత్రం తేడా వస్తుంది. వీలైనంత వరకు ఒకే చోట, ఒకే పద్ధతిలో చేయించండి. అంకె వరసగా దిగుతూ పోతే అప్పుడు ఆలోచించాలి.

ఇంకొకటి కచ్చితంగా అడగండి: కారణం కోసం వెతికారా? గోమార్ల ద్వారా వచ్చే బబేసియా లాంటి ఇన్‌ఫెక్షన్లు, కొన్ని మందులు, క్యాన్సర్ కూడా ఈ దాడిని రేపగలవు. చాలా కుక్కల్లో కారణం దొరకదు, మా దానికీ దొరకలేదు. ఉంటే మాత్రం దానికి విడిగా వైద్యం చేయాలి. దొరికినా దొరక్కపోయినా గోమార్లు పట్టకుండా వాడే మందు డాక్టరుని అడిగి ఏడాది పొడుగునా వాడండి.

నడక గురించి మీరు అడగలేదు గానీ రేపో మాపో అడుగుతారు. ఇప్పుడు మూత్రానికి బయటికి, మళ్లీ లోపలికి, అంతే. మాకు పీసీవీ 30 దాటాక పది నిమిషాల నడక మొదలుపెట్టమన్నారు.

టీకా విషయంలో, ఈ మందులు నడుస్తుండగా వేయించకండి. రోగనిరోధక శక్తిని అణిచి పెట్టినప్పుడు టీకా సరిగా పట్టకపోవచ్చు, బతికున్న క్రిములతో చేసేవి ప్రమాదం కూడా. టీకాలకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందా అన్నది డాక్టర్లలోనే తేలని వాదన. అందుకే చాలా మంది తర్వాత కూడా అవసరమైనవే వేస్తారు, కొన్నిటికి ముందు రక్తంలో యాంటీబాడీలు చూస్తారు. రేబిస్ టీకా చట్టప్రకారం తప్పనిసరి అయితే, వాయిదాకి సర్టిఫికెట్ ఇవ్వగలరా అని మీ డాక్టరునే అడగండి.

మా పింకీ మందులు ఆగి రెండేళ్లు దాటింది. ఈ జబ్బు కొన్నిటికి తిరగబెడుతుంది కాబట్టి అది ఆవలించినప్పుడల్లా ఇప్పటికీ నా కళ్లు చిగుళ్ల మీదికే పోతాయి. దాని ఫైలు అట్ట మీద మార్కర్‌తో జబ్బు పేరు, రక్తం ఎక్కించిన తేదీ, బ్లడ్ గ్రూపు డీఈఏ 1 పాజిటివా నెగటివా, అప్పుడు వాడిన మందులు రాసి పెట్టాను. మీరూ ఇవాళే ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ గ్రూపు వివరం అడిగి రాసుకోండి. ఒకసారి రక్తం ఎక్కించుకున్న కుక్కకి రెండోసారి ఎక్కించాలంటే ముందు క్రాస్ మ్యాచ్, అంటే ఆ రక్తం దీనికి సరిపడుతుందా అని చూసే పరీక్ష, చేయాలి. అర్ధరాత్రి కొత్త డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సి వస్తే ఇవేవీ మీకు గుర్తు రావు.