చిన్న ఊళ్లో ఒంటరిగా పనిచేసే స్పీచ్ థెరపిస్ట్ ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: బీఏఎస్‌ఎల్‌పీ (మాట, వినికిడి సమస్యల చికిత్సలో డిగ్రీ) పూర్తయింది, సొంత జిల్లా కేంద్రంలో క్లినిక్ పెట్టాలనుకుంటున్నారు, చుట్టుపక్కల సీనియర్లు లేరు. ఏ సర్టిఫికెట్ కోర్సులు చేయాలి, ఒంటరిగా ఉంటే వెనకబడిపోతానా, ఇషాకాన్‌కి (మన వృత్తివాళ్ల వార్షిక జాతీయ సదస్సుకి) వెళ్లడం దండగా అని అడిగారు.

కోర్సుల లిస్టు కోసం చూస్తుంటే ఈ జవాబు కొంచెం నిరాశపరుస్తుంది. నేను చాలా ఏళ్లుగా ఖమ్మంలో పనిచేస్తున్నాను. కోర్సులు నేనూ చేశాను, కొన్ని పనికొచ్చాయి. కానీ నా పనిలో నిజంగా మార్పు తెచ్చింది రెండే రకాల మనుషులు: నా కేసులు చూసి మొహమాటం లేకుండా మాట్లాడే ఒకరిద్దరు తోటి థెరపిస్టులు, ఊళ్లో నాకంటే ముందే పిల్లల్ని గమనించే అంగన్‌వాడీ టీచర్లు, అమ్మమ్మలు, స్కూల్ టీచర్లు. డబ్బూ టైమూ ముందు వీళ్ల మీద పెట్టండి. కోర్సు ఆ తర్వాత.

మన రిజిస్ట్రేషన్ చూసే భారత పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ, సంగతి ఎలాగూ తప్పదు. రిజిస్ట్రేషన్‌ని ఐదేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి, దానికి సీఆర్‌ఈ పాయింట్లు (గుర్తింపు ఉన్న శిక్షణలకు హాజరైతే వచ్చేవి) కావాలి. చివరి ఏడాదిలో పరిగెత్తకుండా ఏటా కొన్ని చేసుకుంటూ పోండి. దగ్గర్లో అంటే సికింద్రాబాద్‌లో మాట, వినికిడి లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, దూరమైనా మైసూరులో 1965 నుంచి నడుస్తున్న ఐష్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ) ఉంది. ఇలాంటి సంస్థలు పెట్టే ప్రోగ్రాముల్లో ఫీజు తక్కువ, అమ్ముకునే హడావిడీ తక్కువ. పేరు చివర నక్షత్రాల్లా తగిలించుకునే ఖరీదైన ప్రైవేటు సర్టిఫికెట్ల గురించి మాత్రం ఒక్క మాట. డబ్బు కట్టే ముందు, ఆ పద్ధతి పనిచేస్తుందని దాన్ని అమ్మేవాళ్లు కాకుండా ఇంకెవరైనా చూపించారా అని వెతకండి. మన దగ్గర ఇప్పటికీ విజిల్ ఊదించడం, నాలుక పైకీ కిందికీ ఆడించడం నేర్పే వర్క్‌షాపులు కిటకిటలాడుతుంటాయి. ఉచ్చారణ బాగుపడాలంటే పలికించాలి. ఊదించినంత మాత్రాన 'స' రాదు. ఈ విషయం మీద పరిశోధకులు చాలా ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు, వర్క్‌షాపులూ నడుస్తూనే ఉన్నాయి. పిల్లాడి చేతిలో విజిల్ పెడితే ఏదో జరుగుతోందని తల్లిదండ్రులకు కనిపిస్తుంది కదా, అదే దాని బలం.

తోటి థెరపిస్టుల గ్రూపు ఎలా కట్టాలో చెప్తాను. మీ బ్యాచ్‌మేట్స్‌లో వేరే వేరే చోట్ల పనిచేసే ముగ్గురు నలుగురు చాలు. ఒకరు ఆసుపత్రిలో, ఒకరు స్పెషల్ స్కూల్లో, ఒకరు మీలా సొంత క్లినిక్‌లో ఉంటే ఇంకా మంచిది. నెలకోసారి వీడియో కాల్, ఒక్కసారికి ఒక్క కేసే. బాగా కుదిరిన కేసు తీసుకురాకూడదు, ఎక్కడో ఆగిపోయిన కేసే తేవాలి. మా గ్రూపులో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఈ గోల్ ఎందుకు పెట్టుకున్నావు?" దానికి జవాబు చెప్పలేకపోతే మిగతాదంతా అనవసరం. మొదట్లో అందరూ మర్యాదగా "బావుంది, బావుంది" అనుకుంటారు. అది వదలడానికి కొంత టైమ్ పడుతుంది. మీకంటే బాగా సీనియర్ ఒకరు అప్పుడప్పుడు కూర్చుంటానంటే ఆవిడకు ఫీజు ఇవ్వండి, ఫ్రీగా అడగొద్దు. ఫీజు ఇస్తే మీరూ ప్రిపేరై వెళ్తారు.

పిల్లల వీడియోల విషయంలో జాగ్రత్త. వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపుల్లో "ఈ బాబుకి ఏంటి?" అని ముఖం కనిపించేలా వీడియో పెట్టేవాళ్లను చూస్తూనే ఉంటాం. 2023 డేటా రక్షణ చట్టం పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అంటోంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, చిన్న ఊళ్లో ఆ వీడియో వాళ్ల బంధువుల ఫోన్లోకి చేరడానికి సాయంత్రం దాకా కూడా పట్టదు. ఎవరికి, ఎందుకు చూపిస్తున్నారో రాసి సంతకం తీసుకోండి, పని అయ్యాక డిలీట్ చేయండి.

ఇక ఊరి సంగతికొస్తే, ఇందులో నేర్చుకోవలసింది చాలా ఉంది. మనం చదివిన పుస్తకాలన్నీ ఇంగ్లిష్ పిల్లల గురించే. తెలుగు పిల్లాడు ఏ వయసుకు ఏ అక్షరం పలుకుతాడో మీ ఊరి పిల్లల్ని వింటేనే చెవికి పడుతుంది. నాలుగేళ్ల పిల్ల 'రాముడు'ని 'లాముడు' అంటే నేను కంగారుపడను, 'ర' ఆలస్యంగానే వస్తుంది. 'నీళ్లు'ని 'నీల్లు', 'బాణం'ని 'బానం', 'భోజనం'ని 'బోజనం' అంటే ముందు వాళ్లమ్మ ఎలా అంటుందో వినండి. చాలా ఇళ్లలో అందరూ అలాగే మాట్లాడతారు. దాన్ని లోపమని రిపోర్టులో రాస్తే మీరు ఆ ఇంటిని మొత్తం పేషెంటుగా రాసినట్టే.

మా వైపు ఇది ఇంకాస్త చిక్కు. చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ మాట్లాడే పిల్లలు, తండాల నుంచి లంబాడీ మాట్లాడే పిల్లలు వస్తారు. కోయ అయినా ద్రావిడ భాషే, లంబాడీ అసలు వేరే కుటుంబం. ఆ పిల్లాడు క్లినిక్‌లో నా తెలుగు బొమ్మల కార్డులు చూసి నోరు తెరవడు. పంపినవాళ్ల చీటీ మీద 'మాట ఆలస్యం' అని ఉంటుంది. ఇంటి భాష వచ్చిన ఆయా ఒకావిడ పక్కన కూర్చుని పలకరిస్తే గలగలా మాట్లాడిన పిల్లలు ఉన్నారు. దీనికి పూర్తిగా తిరగబడ్డ కథలు కూడా ఉన్నాయి. "వాడికి తెలుగు రాదు కదా, అందుకే మాట్లాడడు" అని అందరూ వదిలేస్తే, అసలు కారణం వినికిడి లోపం. భాషా సమస్య నిజంగా ఉంటే ఇంటి భాషలో కూడా కనిపిస్తుంది. అందుకే ఇంటి భాష తెలిసిన మనిషి లేకుండా నేను ఏదీ తేల్చి రాయను, వినికిడి పరీక్ష లేకుండా అసలే రాయను. ఆ మనిషి ఎవరో ఏ కోర్సూ చెప్పదు, అంగన్‌వాడీ టీచర్ చెప్తుంది.

మరి వాళ్లతో పరిచయం ఎలా అంటే, స్పీచ్ ఇవ్వడానికి వెళ్లకండి, అడగడానికి వెళ్లండి. "మీ సెంటర్లో పిలిస్తే పలకని పిల్లలు ఎవరైనా ఉన్నారా?" అంటే చాలు, మీరు అడిగినదానికంటే ఎక్కువే చెప్తారు. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల జాతీయ కార్యక్రమం) కింద వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లల్ని ఒకసారి చూడాలి. అవసరమైనవాళ్లను జిల్లా స్థాయి డీఈఐసీకి (పిల్లల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే కేంద్రానికి) పంపుతారు. ఆ బృందంలో డాక్టరు, ఏఎన్‌ఎం ఎవరో తెలుసుకోండి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉంటాయి, అక్కడి రిసోర్స్ టీచర్లకు సదరం సర్టిఫికెట్ దగ్గర్నుంచి ఏ బస్సు ఎన్నింటికో దాకా అన్నీ తెలుసు. బస్సు టైమ్ తెలియకుండా వారానికి మూడు సెషన్లు రాస్తే ఆ తల్లి రెండో వారం నుంచి రాదు.

కొత్తగా క్లినిక్ పెట్టగానే "కేసులు పంపిస్తాం, కమిషన్ ఎంత?" అని అడిగేవాళ్లు తగులుతారు. నన్నూ అడిగారు. ఇవ్వకండి. మొదటి ఏడాది కాస్త కష్టంగానే ఉంటుంది. నేను మాత్రం పంపిన ప్రతి డాక్టరుకీ ఏం చూశానో, ఏం చేస్తున్నానో అర పేజీ రాసి పంపేదాన్ని. ఈఎన్‌టీ డాక్టర్లు కొందరు ఆ కాగితం చూసే నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టారు.

నత్తి ఉన్న పెద్దవాళ్ల దగ్గర కూడా నేర్చుకోండి. ద ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ అని నత్తి ఉన్నవాళ్లే నడుపుకునే సంస్థ ఉంది, కొన్ని నగరాల్లో వాళ్ల స్వయం సహాయక బృందాలు కలుస్తుంటాయి. అడిగి, వాళ్లు రమ్మంటే వెళ్లి ఒక మూల కూర్చోండి. "నత్తి తగ్గిందా లేదా" అని మనం లెక్కలు వేసుకుంటుంటే, వాళ్లు మాట్లాడేది ఫోన్ ఎత్తే భయం గురించి, పెళ్లిచూపుల టెన్షన్ గురించి. నా గోల్స్ రాసే తీరు అక్కడ మారింది.

విదేశీ పద్ధతి ఏది నేర్చుకున్నా ఇంట్లోకి వెళ్లేసరికి దాని రూపు మారుతుంది. చిన్నపిల్లల నత్తికి సిడ్నీలో తయారైన లిడ్‌కోంబ్ పద్ధతి ఉంది. పిల్లాడు తడబడకుండా మాట్లాడినప్పుడు తల్లి వెంటనే మెచ్చుకోవాలి. బాగా పనిచేసే పద్ధతే. కానీ నలుగురిలో బిడ్డను పొగిడితే దిష్టి అనే నాయనమ్మ పక్కనే ఉంటుంది. ఆవిడతో వాదించి లాభం లేదు. మెచ్చుకోలు అన్నం తినిపించేటప్పుడు, పడుకోబెట్టేటప్పుడు, తల్లీబిడ్డా మాత్రమే ఉన్నప్పుడు పెట్టుకున్నాం. ఈ సర్దుబాటు నేర్పింది ఓ తల్లి.

చదవడానికి మాత్రం ఖర్చు పెట్టక్కర్లేదు. ఐష్ జర్నల్ ఆన్‌లైన్‌లో ఉచితం. నెలకు ఒక పేపరైనా గ్రూపులో కలిసి చదవండి, తల్లిదండ్రులు అడిగే ప్రశ్నల నుంచే ఎంచుకోండి. "బొమ్మలు చూపించి చెప్పడం అలవాటైతే ఇంక మాట్లాడడేమో" అని ప్రతి తల్లీ అడుగుతుంది. ఏఏసీ వల్ల, అంటే మాటకు తోడుగా బొమ్మలు, పరికరాలతో చెప్పించడం వల్ల, మాట తగ్గదని, చాలామందిలో కొంత పెరిగిందని 2006లో వచ్చిన సమీక్ష చెప్పింది. అది చదివి ఉంటే మీ గొంతులో తడబాటు ఉండదు. ఆటిజానికి స్టెమ్ సెల్స్ గురించి కూడా అడుగుతారు. 2017 జాతీయ మార్గదర్శకాలు చదివి పెట్టుకోండి. రక్త సంబంధ వ్యాధుల్లో వాడే మార్పిడి తప్ప మిగతావన్నీ ట్రయల్‌గానే జరగాలని అందులో స్పష్టంగా ఉంది.

ఇషాకాన్‌కి ప్రతి ఏడాదీ పరిగెత్తక్కర్లేదు. దక్షిణాదిలో జరిగినప్పుడు వెళ్లండి. పెద్ద హాల్లో ఉపన్యాసాలకంటే పోస్టర్ల దగ్గర నిలబడితే లాభం ఎక్కువ, అక్కడ విద్యార్థులు తమ డేటా ఎక్కడ బలహీనమో కూడా చెప్పేస్తారు. తెలుగు పిల్లల మీద పనిచేసినవాళ్లు కనిపిస్తే ఫోన్ నంబర్ తీసుకోండి. రైలు టికెట్ ముందే బుక్ చేసుకోండి, హోటల్ మాత్రం గ్రూపులో నలుగురూ కలిసి పంచుకోండి. రాత్రి అక్కడే అసలైన కేస్ డిస్కషన్ నడుస్తుంది.