మానసిక ఆరోగ్య యాప్‌కు వెంచర్ క్యాపిటల్ (కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని పెట్టే పెట్టుబడి) వచ్చిందంటే, అది పనిచేస్తుందని రుజువైనట్టేనా?

కాదు, పెట్టుబడి పెట్టారంటే ఆ కంపెనీ విలువ ఎన్నో రెట్లు పెరగవచ్చని పందెం కాశారనే అర్థం, చికిత్స ఫలిస్తుందని ధ్రువీకరించారని కాదు.

వెంచర్ నిధులు సాధారణంగా పదేళ్ల గడువుతో నడుస్తాయి. ఆలోగా వాటాలు అమ్మి మదుపరులకు లాభం చూపాలి. డబ్బు పెట్టిన పది కంపెనీల్లో ఎక్కువ భాగం మునిగినా, ఒకటి రెండు భారీగా గెలిస్తే చాలు. అందుకే ఎంతమంది వాడతారు, ఎంత వేగంగా విస్తరిస్తుంది, చివరికి డబ్బు కట్టేది రోగా, ఉద్యోగం ఇచ్చిన సంస్థా, బీమా కంపెనీయా అన్నదే వాళ్ల ప్రధాన ఆరా. క్లినికల్ పరీక్షల ఫలితాలూ చూస్తారు, కానీ లెక్కలో అదొక అంశం మాత్రమే.

అమెరికాలో పేర్ థెరప్యూటిక్స్ అనే కంపెనీని ముంచింది డబ్బు ఎవరు కడతారన్న ఆ ప్రశ్నే. మాదకద్రవ్యాల వ్యసనానికి డాక్టరు చీటీ మీద ఇచ్చే దాని రీసెట్ యాప్‌కు 2017లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. 2021లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లేనాటికి కంపెనీకి కట్టిన విలువ సుమారు 160 కోట్ల డాలర్లు. డాక్టర్లు చీటీలు రాశారు. బీమా సంస్థలు మాత్రం చాలావాటికి బిల్లు చెల్లించలేదు. 2023 ఏప్రిల్‌లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఆస్తులన్నీ కలిపి అమ్మితే వచ్చింది దాదాపు 60 లక్షల డాలర్లే.

ఎక్కువ నిధులు వచ్చిన యాప్ మంచిదనుకోవడం ఎంత పొరపాటో, కంపెనీ మూతపడితే చికిత్స పనికిరానిదనుకోవడమూ అంతే పొరపాటు. చూడాల్సింది యాప్ వాడినవారిని వాడనివారితో పోల్చి చేసిన పరీక్ష ఉందా అన్నది. జబ్బుకు చికిత్స అని చెప్పకుండా కేవలం ‘వెల్‌నెస్’ (సాధారణ శ్రేయస్సు) పేరుతో వచ్చే యాప్‌లలో చాలావాటికి చట్టం అలాంటి పరీక్షను అడగదు కూడా.