పందుల్లో పైత్యరస నాళం మళ్లీ పెరిగింది కదా, మా అక్కకు పేగుతో ఎందుకు కలిపారు?

ప్రశ్న: మా అక్కకు 44 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లకు లాపరోస్కోపీ ఆపరేషన్ చేసినప్పుడు, కాలేయం నుంచి పేగుకు పైత్యరసాన్ని తీసుకెళ్లే పైత్యరస నాళం తెగిపోయింది. పొట్టలో గొట్టం పెట్టి, రెండు నెలలు ఆగి, నాళాన్ని చిన్నపేగుకు కలుపుతూ మరో ఆపరేషన్ చేశారు. ఇప్పుడు బాగానే ఉంది. పందుల్లో కరిగిపోయే గొట్టం అమర్చితే నాళం తిరిగి పెరిగిందని చదివాను. మా అక్కకు అలా ఎందుకు చేయలేదు? తెగిన కొసలనైనా కలిపి కుట్టవచ్చు కదా? అన్నాళ్లు ఎందుకు ఆపారు? ఇంకా పరీక్షలు అవసరమా?

జవాబు: మీరు చదివింది నిజమే. జపాన్ సర్జన్లు పందుల్లో నాళం ముక్క తీసేసి, ఆ స్థానంలో శరీరంలో కరిగిపోయే పాలిమర్ గొట్టం కుట్టారు. ఆ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. కొన్ని నెలల్లో గొట్టం కరిగిపోయింది, అక్కడ లోపలి పొరతో సహా నాళం లాంటి కణజాలం ఏర్పడింది. ఇది చిన్న విషయం కాదు. కానీ అవి ఆరోగ్యంగా ఉన్న జంతువులు. నాళాన్ని శుభ్రంగా కోసి, అదే పూట గొట్టం అమర్చారు. మీ అక్క విషయంలో పైత్యరసం పొట్టలోకి కారింది, చుట్టూ వాపు వచ్చింది. ఇలాంటి గాయాల్లో చాలాసార్లు కాటరీ (రక్తం ఆపడానికి కణజాలాన్ని వేడితో కాల్చే పరికరం) వేడికి నాళం కొస కమిలి కూడా ఉంటుంది. పైగా పందిని గమనించేది నెలల పాటు. మీ అక్క నాళం దశాబ్దాల పాటు పనిచేయాలి.

కొసలు కలిపి కుట్టకపోవడానికి ముఖ్య కారణం రక్త సరఫరా. పైత్యరస నాళానికి రెండు పక్కలా సన్నని ధమనులు నిలువుగా సాగుతాయి. 1979లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం ఆ రక్తంలో సుమారు 60 శాతం కింది నుంచి, 38 శాతం పై నుంచి వస్తుంది. నాళం మధ్యలో తెగితే పై ముక్కకు కింది సరఫరా ఆగిపోతుంది. రక్తం చాలని కొసను కుడితే అది మానేది మచ్చగానే. కుక్కల్లో చేసిన అధ్యయనాలు ఇక్కడ కళ్లు తెరిపించాయి. మానుతున్న నాళపు గోడలో మచ్చను బిగించే కణాలు నెలలు గడిచినా అలాగే ఉండిపోయాయి. పైత్యరసం తగులుతూ ఉంటే వాపు తగ్గదు, మచ్చ ముడుచుకుంటూ పోతుంది, నాళం సన్నబడుతుంది. అందుకే అనుభవజ్ఞులైన సర్జన్లు కాలేయానికి దగ్గరగా, రక్తం బాగా అందే చోటును వెతికి, నాళం లోపలి పొరను పేగు లోపలి పొరకు ఆనించి, లాగుడు లేకుండా, కరిగిపోయే సన్నని దారంతో కుడతారు.

రెండు నెలలు ఆగడం నిర్లక్ష్యం కాదు. గాయాన్ని ఆపరేషన్ బల్ల మీదే గుర్తించి, ఈ పనిలో అనుభవం ఉన్న సర్జన్ అందుబాటులో ఉంటే అప్పుడే సరిచేయవచ్చు. ఇన్‌ఫెక్షన్ మొదలయ్యాక మాత్రం కణజాలం ఉబ్బి పెళుసుగా ఉంటుంది, కుట్టు నిలవదు. ముందు కారిన రసాన్ని బయటికి తీసి, ఇన్‌ఫెక్షన్ తగ్గించి, ఆ తర్వాత కలపడమే క్షేమం. మీ అక్కకు అదే చేశారు.

పరీక్షలు మాత్రం మానవద్దు, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. పైత్యరస నాళాన్ని పూర్తిగా కట్టేస్తే ఎలుకల్లో దాదాపు నాలుగు వారాల్లోనే కాలేయం గట్టిపడి సిరోసిస్ వస్తుంది. మనిషిలో ఇది చాలా నెమ్మదిగా జరుగుతుంది, కానీ దారి అదే. కలిపిన చోట కొద్దికొద్దిగా సన్నబడుతుంటే మొదట నొప్పి ఉండదు, కామెర్లూ ఉండవు. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పైత్యరసానికి అడ్డు వస్తే పెరిగే ఎంజైమ్) మాత్రం పెరుగుతూ వస్తుంది. ఇలాంటి ఇబ్బంది ఎక్కువగా మొదటి కొన్నేళ్లలో బయటపడుతుంది, పదేళ్ల తర్వాత వచ్చినవారూ ఉన్నారు. కాబట్టి బాగున్నా సరే, మీ సర్జన్ చెప్పిన వ్యవధిలో కాలేయ రక్త పరీక్ష చేయించండి. విలువలు పెరిగితే ఎమ్మార్సీపీ (పైత్యరస నాళాలను చూపే ఎమ్మారై) స్కాన్ తీస్తారు. సన్నబడిన చోటును చాలామందిలో చర్మం గుండా కాలేయంలోకి సన్నని గొట్టం పంపి, బెలూన్‌తో వెడల్పు చేయవచ్చు.

చలి వణుకుతో జ్వరం వస్తే అది నాళంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఇంట్లో జ్వరం మాత్రతో సరిపెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో, మలం తెల్లగా వస్తున్నా, కారణం లేని దురద పట్టినా ఆలస్యం చేయవద్దు.

కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో పెంచిన నాళ కణాలతో 2017లో చిట్టెలుకల్లో నాళాన్ని బాగుచేశారు, 2021లో దానం చేసిన మానవ కాలేయాల్లోనూ ప్రయత్నించి ఫలితం చూపారు. అవి శరీరం బయట యంత్రం మీద ఉంచిన కాలేయాలు. రోగులకు ఇది ఇంకా సాధారణ చికిత్స కాదు. మూలకణాలతో నాళం పెంచుతామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఒక పని ఈ వారమే చేయండి. రెండో ఆపరేషన్ వివరాల కాగితం తీసుకుని, నాళాన్ని ఏ స్థాయిలో (కాలేయానికి ఎంత దగ్గరగా) కలిపారో అందులో రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే సర్జన్‌ను అడిగి రాయించుకోండి. పదేళ్ల తర్వాత కొత్త డాక్టర్‌కు అన్నిటికంటే ముందు కావలసింది ఆ కాగితమే.