రాజ్యం ఏలుతానంటున్న ఆరేళ్ల బాబు

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. కొంతకాలంగా తువ్వాలు భుజాన వేసుకుని, "నేను పెద్దయ్యాక రాజునై అందరినీ ఏలుతాను" అంటూ ఇంట్లో శాసనాలు చేస్తున్నాడు. సోమవారం బళ్లకు సెలవట, కాకరకాయ కూర నిషేధమట, నేను మహామంత్రినట, మాట వినకపోతే నాలుగేళ్ల చెల్లెలికి చెరసాలట. మా వారు ముచ్చటపడి, బంధువులు వచ్చినప్పుడు వాడిని పిలిచి ఈ మాటలన్నీ చెప్పిస్తుంటారు. మా మామగారు మాత్రం ఇప్పుడే ఇంత దర్పమైతే రేపు ఎవరి మాటా వినడని, వెంటనే మాన్పించమని అంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ఈ ఆటను మాన్పించవద్దు. ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఏ చొక్కా తొడుక్కోవాలో, ఆట ఎప్పుడు ఆపాలో ఆరేళ్ల పిల్లవాడికి అన్నీ ఇతరులే నిర్ణయిస్తారు. రోజంతా ఆజ్ఞలు పాటించేవాడు కాసేపు ఆజ్ఞాపించే చోట కూర్చుని చూడాలనుకోవడం అహంకారం కాదు. అధికారమంటే ఏమిటో ఆ వయసుకు అందే మార్గంలో తెలుసుకుంటున్నాడు.

రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో పిల్లల ఆటపై చేసిన ప్రసంగంలో, ఆటలో ఉన్న పిల్లవాడు తన వయసును మించి ప్రవర్తిస్తాడని, తనకంటే తానే ఒక తల ఎత్తు పొడవు పెరిగినట్లుంటాడని చెప్పారు. ఊహాలోకంలో పిల్లలు ఇష్టం వచ్చినట్లు ఉంటారని మనం అనుకుంటాం గానీ, ఊహించుకున్న ప్రతి పాత్ర వెనుకా నియమాలుంటాయన్నదే ఆయన వాదనలోని ముఖ్యాంశం. రాజు చీటికీమాటికీ ఏడవకూడదు, నిటారుగా కూర్చోవాలి, మంత్రి చెప్పేది పూర్తిగా వినాలి. మీరు వద్దన్నా మానని పనిని, రాజుగారు చేయదగినది కాదని తానే మానుకోవడం మీరు గమనించే ఉంటారు.

చంద్రగుప్త మౌర్యుని గురించి బౌద్ధ సంప్రదాయంలో ఒక కథ ఉంది. పశువులు కాసే పిల్లల మధ్య అతడు రాజుగా కూర్చుని, కొందరిని మంత్రులను చేసి, కొందరిని దొంగలుగా నిలబెట్టి తీర్పులు చెబుతుండగా చాణక్యుడు చూసి, వేయి కార్షాపణాలు (ఆనాటి నాణేలు) ఇచ్చి వెంట తీసుకువెళ్లాడంటారు. ఇది చరిత్ర అని నేను చెప్పడం లేదు. అయినా ఆ ఆటను చూసి కసురుకోకుండా నిలబడి గమనించిన పెద్దమనిషిని మన పూర్వులు ఊహించగలిగారన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఈ కథను మీ మామగారికి వినిపించండి.

పిల్లల పాలనను అందరికంటే గంభీరంగా తీసుకున్నవారు పోలండ్‌కు చెందిన పిల్లల వైద్యుడు యానుష్ కోర్చాక్. 1912లో వార్సాలో ప్రారంభమైన యూదు అనాథ బాలల గృహాన్ని నడుపుతూ, అందులో ఆయన పిల్లలే న్యాయమూర్తులుగా ఉండే న్యాయస్థానాన్ని ఏర్పాటు చేశారు. అక్కడి శిక్షాస్మృతిలో అత్యధిక భాగం క్షమించడానికి సంబంధించినదే. పెద్దలపై కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. కోర్చాక్ స్వయంగా ఆరు నెలల్లో ఐదుసార్లు ఆ న్యాయస్థానం ముందుకు వెళ్లారు. తీర్పు చెప్పే అవకాశం ఇస్తే పిల్లలు క్రూరులవుతారన్న భయం ఆయనకు లేదు, అయితే ఆ అధికారానికి ఒక పద్ధతిని కూడా ఆయన నేర్పారు.

మీరు చేయవలసిందీ అదే. మిమ్మల్ని మహామంత్రిని చేశాడు కనుక, ఆ హోదాలోనే విన్నపాలు తీసుకువెళ్లండి. "ప్రభూ, సోమవారం బడి మూసేస్తే, మధ్యాహ్న భోజనం బడిలోనే తినే పిల్లల సంగతేమిటి?" అని అడగండి. "కాకరకాయలు పండించిన రైతు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఏం చెప్పమంటారు?" అని అడగండి. అడిగిన తరువాత జవాబు మీరే అందించకుండా ఆగండి. అతడు శాసనాన్ని మార్చవచ్చు, మార్చకపోవచ్చు, రైతుకు బదులుగా బంగారం ఇస్తాననవచ్చు. ఏదైనా సరే, తన మాట వల్ల మరొకరికి ఏమవుతుందో ఆలోచించడం అక్కడే మొదలవుతుంది. ఆటలో రాజైనంత మాత్రాన స్నానానికీ హోంవర్కుకూ మినహాయింపు ఉండదని కూడా తేటగా చెప్పండి. అదే సమయంలో, ఆదివారం ఏం వండాలన్న నిర్ణయం వంటిది ఒకటి నిజంగానే అతనికి అప్పగించండి. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వారి అభిప్రాయాన్ని వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. 1992లో మన దేశం కూడా ఆ ఒడంబడికలో చేరింది.

బంధువుల ముందు ఈ మాటలు చెప్పించడం మాత్రం మీ వారు ఆపాలి. నలుగురూ నవ్వితే పిల్లవాడు సిగ్గుపడి ఆటనే వదిలేస్తాడు, లేదా ఆ నవ్వు కోసమే ఆడడం మొదలుపెడతాడు.

ఇక చెల్లెలి విషయంలో నిక్కచ్చిగా ఉండండి. ఆమెకు కూడా సింహాసనం ఎక్కే వంతు రావాలి, చెరసాల వద్దంటే ఆ క్షణమే విడుదల కావాలి. ఒకరు ఏడుస్తుంటే అది ఆట కాదని ఇద్దరికీ తెలియాలి. ఆట అయిపోయాక కూడా ఆమెను తరచూ కొట్టి బెదిరిస్తున్నా, ఊహకూ నిజానికీ తేడా తెలియనట్లు ప్రవర్తిస్తున్నా పిల్లల మానసిక నిపుణులను సంప్రదించండి. మీరు రాసినదానిలో అటువంటి లక్షణమేదీ నాకు కనిపించలేదు.