పదహారేళ్ళుగా ఆడాడా? పదహారేళ్ళు ఆడాడా?

సందేహం: ఐర్లండ్‌లో ఉంటున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళ చిన్న పత్రికకు కర్రతో బంతి కొట్టే ఇక్కడి ఆట హర్లింగ్‌లో కిల్కెన్నీ కౌంటీ ఆటగాడు హెన్రీ షెఫ్లిన్ మీద వ్యాసం రాశాను. మొదలు ఇలా ఉంది: "షెఫ్లిన్ 1999 నుంచి 2015 వరకు పదహారేళ్ళుగా కిల్కెన్నీ తరపున ఆడాడు. తన సుదీర్ఘ వృత్తిజీవితంలో పది ఆల్ ఐర్లండ్ పతకాలు సాధించారు. 27-484 స్కోరు చేసి, 36వ ఏట ఆటకు వీడ్కోలు పలికాడు." సంపాదకుడు 'పదహారేళ్ళుగా' కొట్టేసి 'పదహారేళ్ళపాటు' అని దిద్దాడు. నాకు రెండూ ఒకటే అనిపిస్తున్నాయి. తేడా ఉందా? మిగతాదంతా సరిగానే ఉందా? – ఒక పాఠకుడు, డబ్లిన్

సమాధానం: తేడా ఉంది, సంపాదకుడి దిద్దుబాటు సరైనదే. 'పదహారేళ్ళుగా' అన్నామంటే ఆట ఇంకా నడుస్తోందని అర్థం. 'పదహారేళ్ళు', 'పదహారేళ్ళపాటు' అన్నామంటే ముగిసిందని. మీ వాక్యంలో '1999 నుంచి 2015 వరకు' అని రెండు వైపులా గట్టు కట్టేశారు. ఆ వెంటనే 'గా' చేర్చి గండి కొట్టారు.

ఈ 'గా' అగు ధాతువు నుంచి వచ్చినది. 'పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాం' అంటే పదేళ్ళు అయ్యాయి, ఇంకా అవుతూనే ఉన్నాయి. అందుకే దానికి జతగా 'ఉంటున్నాం', 'ఆడుతున్నాడు', 'చేస్తూ వస్తోంది' లాంటి క్రియలే కుదురుతాయి. 'పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాం, తర్వాత వెళ్ళిపోయాం' అని ఇంట్లో ఎవరూ అనరు. కాగితం మీదికి వచ్చేసరికే ఈ తప్పు దొర్లుతుంది. కారణం తెలిసిందే, ఎదురుగా ఇంగ్లీషు వార్త పెట్టుకుని రాయడం. 'ఫర్ సిక్స్‌టీన్ ఇయర్స్' అన్నది ఆగిన పనికీ ఆగని పనికీ ఒకేలా సరిపోతుంది, తేడా అంతా వాళ్ళ క్రియలో ఉంటుంది. మనకు కాలం చెప్పే మాటలోనే సగం తేడా తెలిసిపోతుంది. క్రియను మాత్రం 'ఆడాడు' అని సరిగ్గా రాసి, ముందున్న మాటను గాలికి వదిలేస్తే మీ వాక్యం వస్తుంది.

పరీక్ష తేలిక. వాక్యంలో 'ఇప్పటికీ' చేర్చి చూడండి. 'షెఫ్లిన్ ఇప్పటికీ ఆడుతున్నాడు' అన్నది నిజమైతే 'గా' రాయండి, కాకపోతే వద్దు. 'పదహారేళ్ళ నుంచి' అన్నదానికీ ఇదే లెక్క.

ఈ సూత్రం పట్టుకుని ముగిసిపోయిన సంగతుల్లోంచి 'గా'లన్నీ ఏరి పారెయ్యకండి. చెప్పేవాడు తను నిలబడే చోటు మార్చుకోవచ్చు. 2012 సెప్టెంబర్ 9, డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానం, ఆల్ ఐర్లండ్ (కౌంటీ జట్ల ఛాంపియన్‌షిప్) ఫైనల్, కిల్కెన్నీకీ ఇంకో కౌంటీ గాల్వేకీ మధ్య. చివరి నిమిషాల్లో కిల్కెన్నీకి పెనాల్టీ వచ్చింది. 'అప్పటికి పదమూడేళ్ళుగా ఆడుతున్న షెఫ్లిన్ బంతి దగ్గరికి వచ్చాడు' అని రాయండి, ఒక్క అక్షరం తప్పు పట్టలేరు. మీరు ఆ రోజు క్రోక్ పార్క్‌లో నిలబడి చెబుతున్నారు, ఆ రోజుకి ఆట ఇంకా నడుస్తోంది. 'అప్పటికి', '2012 నాటికి' లాంటి మాట ముందు ఉండాలి, క్రియ 'ఆడుతున్న' కావాలి. ఈ రెండూ ఉంటే 'గా' నిక్షేపంగా నిలుస్తుంది.

వ్యతిరేక క్రియతో 'గా' ఇంకో రకంగా పనిచేస్తుంది. 2010 సెమీఫైనల్లో షెఫ్లిన్ మోకాలి లిగమెంట్ తెగింది. అయినా ఫైనల్లో దిగి, కొద్ది నిమిషాలకే బయటికి రావలసి వచ్చింది. ఆ చలికాలంలో వార్త రాసేవాడు 'షెఫ్లిన్ కొన్ని నెలలుగా ఆడలేదు' అని రాస్తే సరైనదే. క్రియ 'ఆడలేదు' అని గతంలా కనిపిస్తున్నా, ఆడకపోవడం ఇంకా సాగుతోంది కదా. 2011లో మళ్ళీ ఆడి గెలిచాక రాసేవాడు 'కొన్ని నెలలు ఆడలేదు' అనాలి. ఒకటి మంచం మీద ఉన్న మనిషి వార్త, రెండోది లేచి తిరుగుతున్న మనిషి వార్త. ఇంత తేడా ఒక్క 'గా'తో వస్తోంది కాబట్టే దాన్ని ఊరికే వాడుకోకూడదు అనేది.

'పాటు' మీద కూడా ఒక మాట. సంపాదకుడు చేర్చారు, బాగానే ఉంది, కానీ అవసరమేమీ లేదు. 'పదహారేళ్ళు ఆడాడు' అన్నది అచ్చమైన తెలుగు, రెండక్షరాలు తక్కువ కూడా. ముగిసిన పని చాలాకాలం సాగిందని నొక్కి చెప్పాలంటేనే 'పాటు' తెచ్చుకోండి. ఇంకా నొక్కాలని 'పదహారేళ్ళ తరబడి' అనకండి. 'తరబడి' లెక్క తెలియని కాలానికే అంటుతుంది: ఏళ్ళ తరబడి, నెలల తరబడి, గంటల తరబడి. అంకె చెప్పాక అది నప్పదు. పైగా అందులో కొంచెం విసుగు ధ్వనిస్తుంది. కరెంటాఫీసు చుట్టూ ఏళ్ళ తరబడి తిరుగుతాం, ఇష్టమైన ఆట ఏళ్ళ తరబడి ఆడం.

అన్నిటికన్నా ప్రమాదం 'కు'తో. 'షెఫ్లిన్ పదహారేళ్ళకు రిటైరయ్యాడు' అని రాస్తే, చదివేవాడు పదో తరగతి పిల్లవాడు ఆట మానేశాడనుకుంటాడు. 'పదహారేళ్ళ షెఫ్లిన్' అన్నా అంతే, మీసాలు రాని కుర్రాడే కనిపిస్తాడు. మనుషుల పేర్ల పక్కన ఏళ్ళు వస్తే తెలుగు చెవి ముందు వయసునే వింటుంది. 'పదహారేళ్ళు ఆడాక తప్పుకున్నాడు' అనండి, చిక్కు విడిపోతుంది.

ఇక అంకెలు. 2015లోంచి 1999 తీసేస్తే పదహారు వచ్చింది, మీరు ఆ లెక్కే వేసి ఉంటారు. అదృష్టవశాత్తు సరిపోయింది. నిజానికి ఆయన 2015 మార్చిలోనే తప్పుకున్నాడు, ఛాంపియన్‌షిప్ మొదలవకముందే. ఆడిన సీజన్లు 1999 నుంచి 2014 దాకా. తీసివేస్తే పదిహేనే, వరసగా లెక్కపెడితే పదహారు. చేతికి వేళ్ళు ఐదు, సందులు నాలుగు. ఆటగాళ్ళ గురించి రాసేటప్పుడు తీసివెయ్యకండి, సీజన్లను ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. పది టైటిళ్ళు వచ్చినవి 2000, 2002, 2003, ఆ తర్వాత 2006 నుంచి 2009 దాకా వరసగా నాలుగు, 2011, 2012, 2014. అంటే పదహారింట పది. 'పదహారేళ్ళలో పది' అన్నా చక్కగానే ఉంటుంది. మధ్యలో కొలిచే పనికి 'లో' సరైన మాట. ఆయనకు ముందు పేరు మోసిన క్రిస్టీ రింగ్, జాన్ డాయిల్ ఎనిమిదేసి గెలిచారు. ఈ 'ఏసి' ప్రత్యయం వాడుకలో తగ్గిపోతోంది. 'ఒక్కొక్కరు ఎనిమిది చొప్పున' అని చుట్టు తిరిగే బదులు 'ఎనిమిదేసి' అనండి, పని అయిపోతుంది.

'వృత్తిజీవితం' మాత్రం మార్చి తీరాలి. ఇది శైలి తేడా కాదు, నిజానికే తేడా. వృత్తి అంటే కూడు పెట్టే పని. హర్లింగ్‌ను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884లో పుట్టింది. ఆడినందుకు జీతం ఇవ్వకూడదన్నది దాని మూలసూత్రాల్లో ఒకటి. ఫైనల్‌కి ఎనభై వేల మంది పోగైనా సరే, మైదానంలో ఉన్నవాళ్ళంతా సోమవారం పొద్దున ఉద్యోగానికి పోవలసినవాళ్ళే. ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్ తెలిసిన తెలుగు పాఠకుడికి 'కౌంటీ జట్టు' అనగానే కాంట్రాక్టులూ డబ్బూ గుర్తొస్తాయి. అలాంటి చోట 'వృత్తిజీవితం' అని కూడా రాస్తే అతన్ని పూర్తిగా దారి తప్పించినట్టే. 'క్రీడాజీవితం' సరిపోతుంది. 'కెరీర్' అన్నా తప్పు లేదు, ఆటల పేజీలో అది నలిగిన మాట. కానీ 'ఔత్సాహిక క్రీడాకారుడు' అని సవరించబోకండి. ఇప్పటి వాడుకలో ఔత్సాహికుడంటే ఇంకా నేర్చుకుంటున్నవాడు, రంగంలోకి రాబోతున్నవాడు. పది టైటిళ్ళ మనిషికి ఆ మాట అవమానం. 'జీతం లేని ఆట' అని విడమరిచి ఒక వాక్యం రాయండి.

'సుదీర్ఘ' తప్పు కాదు, ఊరికే ఉంది. ఏళ్ళు చెప్పాక పొడవు మళ్ళీ చెప్పనక్కర్లేదు. సుదీర్ఘ ఉపన్యాసం, సుదీర్ఘ చర్చలు విని విని ఆ మాటకు కాస్త నిద్రమత్తు కూడా అంటుకుంది.

27-484. దీన్ని అలాగే వదిలేస్తే తెలుగువాడు ఏమని చదవాలి? ఇరవై ఏడుకి నాలుగువందల ఎనభై నాలుగనా? హర్లింగ్‌లో గీతకు ముందున్నవి గోల్స్, వెనకున్నవి పాయింట్లు. బంతి అడ్డకమ్మీ కిందినుంచి వలలో పడితే గోల్, దానికి మూడు. కమ్మీ మీదుగా రెండు నిలువు కంబాల మధ్యనుంచి పోతే ఒకటి. 27 మూళ్ళు 81, దానికి 484 కలిపితే 565. చిక్కేమిటంటే 'పాయింటు' అన్న మాట రెండు పనులు చేస్తోంది. కమ్మీ మీదుగా కొట్టినదీ పాయింటే, చివర్లో కూడిన మొత్తమూ పాయింట్లే. '484 పాయింట్లు, మొత్తం 565 పాయింట్లు' అని రాస్తే అచ్చుతప్పు అనుకుంటారు. 'గోల్స్ 27, కమ్మీ మీదుగా కొట్టినవి 484, కలిపి 565' అనండి. ఇవి 71 ఛాంపియన్‌షిప్ మ్యాచుల్లో వచ్చినవి. ఎక్కడైనా 'ఇప్పటికీ చెక్కుచెదరని రికార్డు' అని రాసి ఉంటే తీసెయ్యండి, 2021లో గాల్వే ఆటగాడు జో క్యానింగ్ దాన్ని దాటేశాడు.

ఇందాకటి 2012 ఫైనల్‌నే చూడండి. ముగిసేసరికి గాల్వే 2-13, కిల్కెన్నీ 0-19. తెలియనివాడికి ఎవరో ఒకరు చిత్తుగా ఓడినట్టుంటుంది. రెండు మూళ్ళు ఆరు, ఆరూ పదమూడూ పంతొమ్మిది. అవతల పంతొమ్మిది. సమానం. ఆ పెనాల్టీని షెఫ్లిన్ గోల్ కోసం కొట్టకుండా కమ్మీ మీదుగా దాటించి ఒక్క పాయింటుతో సరిపెట్టుకున్నాడు. కిల్కెన్నీకి ఒకటి ఆధిక్యం వచ్చింది, ఆఖర్లో క్యానింగ్ ఫ్రీ హిట్‌తో దాన్ని సమం చేశాడు. 30న మళ్ళీ ఆడి కిల్కెన్నీ గెలిచింది. ఇక్కడ 'పెనాల్టీని పాయింటుగా మలిచాడు' అని రాయాలని చెయ్యి లాగుతుంది. మలచడానికి అది శిల్పం కాదు. 'దాటించాడు' చాలు.

'36వ ఏట' కూడా ఒక ఏడు తప్పింది. షెఫ్లిన్ పుట్టింది 1979 జనవరి 11న, కౌంటీ జట్టు నుంచి తప్పుకున్నట్టు చెప్పింది 2015 మార్చి 25న. అప్పటికి 36 నిండాయి, 37 నడుస్తోంది. 'వ ఏట' అన్నామంటే నడుస్తున్న ఏడు. కాబట్టి '37వ ఏట' అనాలి, లేదా '36 ఏళ్ళ వయసులో' అనాలి. జీవితచరిత్రలు రాసేవాళ్ళు ఇక్కడ తరచు తడబడతారు. 'ఆటకు వీడ్కోలు' అన్నది కూడా కాస్త ఎక్కువే. తప్పుకున్నది కౌంటీ జట్టు నుంచి. అంతకు ఎనిమిది రోజుల ముందే, మార్చి 17న, సొంత క్లబ్బు బాలీహేల్ షామ్‌రాక్స్‌తో ఆల్ ఐర్లండ్ క్లబ్ టైటిల్ గెలిచాడు.

'తరపున' అన్నది వాడుకలో ఉంది, మూలం తరఫ్ కాబట్టి నేనైతే 'తరఫున' అంటాను. పట్టుబట్టను.

చివరిగా ఆడాడు, సాధించారు, పలికాడు. మూడు వాక్యాల్లో మనిషి ఒకసారి పెద్దవాడై, మళ్ళీ చిన్నవాడయ్యాడు. ఆటగాణ్ణి ఏకవచనంలో చెప్పడం మన పత్రికల అలవాటు, అందులో అగౌరవం ఏమీ లేదు. సిక్సర్ కొట్టాడంటాం, కొట్టారనం. అదే మనిషి కోచ్ అయి మాట్లాడితే 'అన్నారు' వచ్చేస్తుంది. షెఫ్లిన్ తర్వాత బాలీహేల్‌కూ, 2021 నుంచి 2024 దాకా గాల్వేకూ మేనేజరు. ఆ భాగానికి వచ్చినప్పుడు బహువచనానికి మారాలనిపిస్తే పేరా మార్చి మారండి, వాక్యం మధ్యలో వద్దు.

మొదటి పేరా ఇలా ఉండవచ్చు: "షెఫ్లిన్ కిల్కెన్నీ తరఫున పదహారు సీజన్లు ఆడి, అందులో పది ఆల్ ఐర్లండ్ టైటిళ్ళు అందుకున్నాడు. 71 ఛాంపియన్‌షిప్ మ్యాచుల్లో 27 గోల్స్ చేశాడు, కమ్మీ మీదుగా 484 కొట్టాడు. 2015 మార్చిలో, 36 ఏళ్ళ వయసులో కౌంటీ జట్టు నుంచి తప్పుకున్నాడు." పదహారుకి పది ఎంత ఎక్కువో పాఠకుడే చూసుకుంటాడు. రెండు మోకాళ్ళూ ఒక్కోసారి, 2007లో ఒకటి, 2010లో ఇంకొకటి, దెబ్బతిన్నాక ఆడిన సీజన్లు కూడా ఆ పదహారులో ఉన్నాయన్నది రెండో పేరాలో వేయండి.